నలభై స్తోత్రాలు

సెప్టెంబర్ 19, గురువారం

బిడ్డ కడుపు నిండిందని ముందు ఎవరికి తెలుస్తుంది? బిడ్డకా, తల్లికా?

పన్నెండేళ్లుగా మోస్తున్న ప్రశ్న ఇది. జెరూషా నెలలు నిండకుండా పుట్టింది. పదమూడు వందల యాభై గ్రాములు. దవాఖానలో గాజుపెట్టె పక్కన కూర్చుని ఉగ్గుగిన్నెతో పాలు పట్టేదాన్ని. "ఇగ చాలమ్మా" అనేది నర్సు. చాలని ఆమెకెలా తెలిసేదో నాకు అర్థమయ్యేది కాదు. ఆమె అటు తిరగ్గానే ఇంకో చుక్క పట్టేదాన్ని.

ఆ పిల్లే ఈరోజు బడి నుంచి ఒక కార్డు తెచ్చింది. ఎత్తు నూట నలభై ఎనిమిది, బరువు యాభై నాలుగు. పక్కన ఎర్ర సిరాతో 'అధిక బరువు'. ఒక కవరు కూడా లేదు. క్లాసులో పేరు పిలిచి చేతికిచ్చారట.

"ఎవరన్న చూసిండ్రా?" అని అడిగాను.

"అందరం అందరియి చూసుకున్నం" అంది షూ లేసు విప్పుకుంటూ. తల ఎత్తలేదు.

నాకు చెప్తారా వీళ్లు! ఎమ్మెస్సీలో ఆహార శాస్త్రం చదివిన దాన్ని. పెరిగే వయసు పిల్ల. మా అత్తింటి వాళ్ల ఎముకే వెడల్పు. ఆ బళ్లో ఆటస్థలం ఏదని అడిగితే బస్సులు నిలిపే చోటు చూపిస్తారు, పైగా ఎర్ర సిరా. కార్డు చించేద్దామనుకున్నాను. చించలేదు. బీరువాలో చీరల కింద పెట్టాను.

పిల్లను నేనేమీ అనలేదు.

సెప్టెంబర్ 20, శుక్రవారం

విమానాలకు భోజనాలు పంపే మా వంటశాలలో ఈరోజు నలభై ట్రేలు వెనక్కి పంపాను. విమానం ఎక్కే ట్రేలో అన్నం నూట ఇరవై గ్రాములుండాలి. నూట ముప్పై ఉంది.

"పది గ్రాములకేంది మేడం, ఆకాశంల ఎవరు తూస్తరు?" అన్నాడు వంట చేసే దశరథం, గరిటె పట్టుకుని.

"నేను తూస్తా. అందుకే నాకు జీతమిస్తుండ్రు" అన్నాను.

ఇంటికొచ్చాక ఊరికే, కేవలం తెలుసుకోవడానికి, వంటశాల నుంచి తెచ్చిన చిన్న తరాజు మీద జెరూషా పళ్లెంలో అన్నం తూచాను. రెండు వందల తొంభై. మా అత్తమ్మ వడ్డించింది. దాని మీద నెయ్యి వేరే.

సెప్టెంబర్ 23, సోమవారం

టిఫిను డబ్బా ఇకనుంచి నేనే సర్దుతాను. నూట ఎనభై గ్రాములు. ఇది తగ్గించడం కాదు. సరైన కొలత పెట్టడం. పెద్ద పళ్లేలు అటక మీద పెట్టి చిన్నవి దించాను. పిల్లకు ఏమీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు.

సెప్టెంబర్ 29, ఆదివారం

మందిరం నుంచి రాగానే మా మరిది యోనా భోజనానికొచ్చాడు. ఎయిర్‌పోర్టులో సామాన్ల కౌంటర్ దగ్గర కూర్చుని పొద్దస్తమానం జనాల పెట్టెలు తూస్తాడు కదా, మనుషులన్నా వాడికి పెట్టెల్లాగే కనిపిస్తారు. జెరూషా రెండోసారి చికెన్ వేసుకుంటుంటే చూసి, "ఏందే, ఎక్స్‌ట్రా లగేజీ! చార్జి కట్టినవా?" అన్నాడు.

అందరూ నవ్వారు. మా ఆయన ఆశేర్ కూడా నవ్వాడు. జెరూషా అందరికన్నా గట్టిగా నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"యోనా, నీ నోరు జర అదుపుల పెట్టుకో" అన్నాను.

"వదినా, మజాక్ చేసిన. పిల్ల కూడా నవ్వుతున్నది గద."

మా అత్తమ్మ భాగ్యమ్మ ఇంకో ముక్క వేస్తూ, "నువ్వు తిను బిడ్డా. ఆని మాట పట్టించుకోకు. ఈయేడు కాంటకు ఇంకో బియ్యం సంచి తెప్పిస్త. పోయినేడు నలభై తొమ్మిది స్తోత్రాలు. ఈసారి యాభై దాటాలె" అంది.

కాంట. దాన్ని మర్చిపోయాను. కాదు, మర్చిపోయినట్టు ఉండిపోయాను.

జెరూషా గాజుపెట్టెలో ఉన్న రోజుల్లో అత్తమ్మ మొక్కుకుంది. పిల్ల బతికితే ఏటా కోత పండుగకు పిల్ల బరువెంతో అన్ని బియ్యం దేవునికి ఇస్తానని. మందిరం ముందు పందిట్లో పెద్ద కాంట వేలాడదీస్తారు. ఒక పళ్లెంలో పిల్ల, ఇంకో పళ్లెంలో కిలో సంచులు. ఒక్కో సంచి పడగానే సంఘమంతా "స్తోత్రం!" అంటుంది. మొదటి ఏడాది ఆరు స్తోత్రాలు. ఆరింటికీ ఏడ్చాను. పిల్ల బరువు పెరగడం కంటే పెద్ద కృప లేదనుకున్నాను.

పోయినేడు నలభై దాటాక వెనక మగపిల్లలు లెక్కను పాటలా పాడారు. విన్నాను. నేనేమీ అనలేదు.

అక్టోబర్ 11, శుక్రవారం

సెలవులు. జెరూషా ఈరోజు ఉపవాస ప్రార్థన చేస్తానంది. అత్తమ్మ సంతోషం చూడాలి.

"గింత వయసుల గింత భక్తి! పక్కింటి పూర్ణిమ బిడ్డను చూడు, ఎప్పుడు ఫోన్ల తలకాయ వెడ్తది."

పిల్లలు ఉపవాసం చెయ్యకూడదని చెప్పాల్సింది. చెప్పలేదు. ఒక పూటే కదా అనుకున్నాను. సాయంత్రం దాకా మంచినీళ్లే తాగింది. మంచిదే. ఏ రకంగా మంచిదో రాయను.

అక్టోబర్ 18, శుక్రవారం

మళ్లీ ఉపవాసం. మొన్న బుధవారం కూడా చేసిందట, అత్తమ్మ చెప్పింది.

అక్టోబర్ 20, ఆదివారం

నీలం గౌను దానికి వదులైంది. నడుము దగ్గర పిన్ను పెట్టాను. అద్దంలో ఇద్దరం కనిపిస్తున్నాం. "ముఖం ఎంత కళగున్నదే!" అన్నాను.

పిల్ల అద్దంలోంచే నన్ను చూసి, "నిజంగనా మమ్మీ?" అంది.

"నిజంగ."

చాలా రోజుల తర్వాత నా భుజం మీద తల పెట్టింది. కొలత పని చేస్తోంది. ఎవరినీ నొప్పించకుండా, ఒక్క మాట అనకుండా. ఎర్ర సిరా వాళ్లు నా దగ్గర నేర్చుకోవాలి.

అక్టోబర్ 28, సోమవారం

నూట ఎనభై నుంచి నూట ఇరవైకి తెచ్చాను. డబ్బా రోజూ ఖాళీగానే వస్తోంది.

నవంబర్ 3, ఆదివారం

మందిరంలో నలుగురు ఆడవాళ్లు ఆపి అడిగారు. "జయశీలా, ఏం పెడుతున్నవ్ పిల్లకు? మంచిగ సన్నబడ్డది" అని సిల్వియా అంది. ఏం దాచుకోను, గర్వపడ్డాను. యోనా కూడా, "అరే, కేబిన్ బ్యాగేజీ అయినవే!" అన్నాడు. ఈసారి వాడి మీద కోపం రాలేదు.

అత్తమ్మకు మాత్రం అది నచ్చలేదు. ఇంటికొచ్చాక కాటేదాన్ బిస్కట్ ఫ్యాక్టరీ నుంచి తెప్పించిన విరిగిన బిస్కట్ల డబ్బా దించి పిల్ల ముందు పెట్టింది. నేను తీసి మళ్లీ పైన పెట్టాను. ఆమె దించింది. నేను పెట్టాను. పిల్ల మా ఇద్దరినీ చూస్తూ నిలబడి, "నాకు వద్దు నాయినమ్మా, కడుపు నిండింది" అంది.

"చూసిండ్రా, నిండిందట" అన్నాను అత్తమ్మతో.

నవంబర్ 11, సోమవారం

ఇది రాస్తున్నాను. కోపంతో.

పొద్దున పది గంటలకు బడి నుంచి ఫోన్. ప్రార్థన వరుసలో నిలబడి నిలబడి జెరూషా పడిపోయిందట. పని మధ్యలో ఆటో ఎక్కి వెళ్లాను. ఆఫీసు గదిలో బల్ల మీద పడుకోబెట్టారు. పెదాలు తెల్లగా ఉన్నాయి. "పొద్దుట తిండి పెట్టలేదా?" అని ప్రిన్సిపాల్ నన్ను అడుగుతుంది! ఆ కార్డు ఇచ్చిన మనిషి! నోటికొచ్చినంతా అన్నాను. కవరు లేదని, ఆటస్థలం లేదని, ఎర్ర సిరా అని.

బయటికొచ్చాక పిల్లల డబ్బాలు చూసుకునే ఆయమ్మ నా వెనకే వచ్చింది. పేరు చంద్రమ్మ అట. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"మేడం, ఏమనుకోకుండ్రి. మీ పాప డబ్బా నాకే ఇస్తది. దసరా ముంగట్నుంచి ఇస్తున్నది. పారబొయ్యొద్దని మేం తింటున్నం, అడుగున దాసిన నెయ్యి ముద్ద గూడ. అన్నం గూడ ఇంతకుముందు మంచిగుంటుండె. గీ మధ్య గంత తక్కువ పెడుతుండ్రేంది?"

ఆరు వారాలుగా నేను గ్రాములు తూచి తూచి పెట్టింది చంద్రమ్మ తిన్నది. అత్తమ్మ నాకు తెలియకుండా అన్నం కింద దాచిన నెయ్యి ముద్ద కూడా చంద్రమ్మే తిన్నది.

ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. ఆమె పైట కింద చెయ్యి నా బిడ్డ చేతికంటే సన్నగా ఉంది. అడుగునున్న మెతుకు కూడా వదలకుండా కడిగి ఇచ్చిన ఖాళీ డబ్బా చూసి రోజూ మురిసిపోయింది నేను.

నవంబర్ 12, మంగళవారం

శంషాబాద్‌లో డాక్టరమ్మ చూసింది. రక్తం లేదు. కార్డులో యాభై నాలుగు, ఇప్పుడు నలభై ఐదు. "రెండు నెలలల్ల తొమ్మిది కిలోలు పోతే మీకు తెల్వలేదా?" అంది.

తెలిసింది. అందుకే కళగా ఉందన్నాను.

మందులు రాసి, నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, "ఇంట్ల కొన్ని రోజులు తిండి మీద గాని, ఒంటి మీద గాని మాట బంద్ చెయ్యుండ్రి. మెచ్చుకునుడు గూడ బంద్" అంది. రోజుకు ఎంత పెట్టాలని అడిగాను. గ్రాముల్లో అడిగాను. ఆమె పెన్నుకు మూత పెట్టేసింది.

ఇంటికొచ్చాక పిల్ల పక్కన పడుకున్నాను.

"ఉపవాసమున్నప్పుడు ఏం ప్రార్థన చేసినవ్ బిడ్డా?"

ఫ్యాను వైపు చూస్తూ, "నలభై దగ్గర స్తోత్రాలు ఆగిపోవాలని" అంది.

"ఎవరన్న ఏమన్నరా?"

"ఎవరేమన్లే. నువ్వు కూడా ఏమన్లే. చిన్న పళ్లేలు దించినవ్, గంతే."

నేనేమీ అనలేదని ఈ పుస్తకంలో ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిరిగి చూసుకున్నాను. చూడకుండా ఉండాల్సింది.

నవంబర్ 17, ఆదివారం

ఈసారి కాంట వద్దని ఇంట్లో చెప్పాను. ఆశేర్ తల దించుకుని పేపరు మడత పెట్టాడు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి నిద్రపోకుండా కూర్చున్నాడు పాపం, కానీ నోరు మాత్రం తెరవడు. "మీరిద్దరు చూసుకోండ్రి" అన్నాడు. మేమిద్దరం చూసుకున్నందుకే కదా ఇలా అయింది!

అత్తమ్మ గోడకానుకుని కూర్చుంది. "మొక్కు తప్పుతవా?"

"బియ్యం ఇద్దాం అత్తమ్మా. వంద కిలోలు ఇద్దాం. పిల్లను ఎక్కించొద్దు."

"మొక్కింది బరువును. బస్తాలను గాదు."

"ఆ బరువు కోసమే అది చావబోయింది!"

"ఎవరు తక్కువ పెట్టిండ్రు? నేను పెట్టిన్నా? నీ చదువు పెట్టింది. మీ విమానాల తరాజు తెచ్చి ఇంట్ల వెట్టినవ్. అన్నాన్ని తూస్తరా ఎవరన్న?"

"మీరు మనిషిని తూస్తున్నరు గద, నడి పందిట్ల!"

అంత గట్టిగా ఆమె మీద ఎప్పుడూ అరవలేదు. అరిచాక ఆమె ముఖం చూసి భయమేసింది. కోపం లేదు అందులో. లేచి లోపలికెళ్లి, ట్రంకుపెట్టెలోంచి ఒక చిన్న ఉన్ని టోపీ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఎప్పుడూ చూడలేదు.

"ఆశేర్‌కు ముంగట ఒక బిడ్డ. పదకొండు నెలలు. ఆ యేడు కరువు. నా రొమ్ముల పాల్లేవు, ఇంట్ల గింజల్లేవు. నా చేతుల్ల ఎండు పుల్లలెక్క పోయింది. సన్నగున్న పిల్లను చూస్తే నాకు ఇయ్యాల్టికీ కాళ్లు సల్లగైతయ్. నీకు లావు గనవడ్డది జయా. నాకు పానం గనవడ్డది."

ఇరవై ఏళ్లు ఒకే పొయ్యి దగ్గర వండుకున్నాం. నాకీ మాట ఇన్నాళ్లూ చెప్పలేదు. నేనడగనూ లేదు.

అయినా కాంట వద్దు. అదొక్కటే గట్టిగా అనుకున్నాను.

నవంబర్ 23, శనివారం

ఇది నేను ఊహించలేదు.

"రేపు నేను ఎక్కుత మమ్మీ" అంది జెరూషా.

"అవసరం లేదు బిడ్డా. నాయినమ్మకు నేను చెప్పిన."

"ఎందుకు ఎక్కొద్దు? పోయినేడు నలభై తొమ్మిదిల నవ్విండ్రు. ఇప్పుడు నలభై ఐదు. మధ్యల యాభై నాలుగైంది ఎవరికి తెల్వదు. అందరు వినాలె. ఇంత కష్టపడ్డ గద!"

కష్టపడ్డదట. పరీక్షలో ర్యాంకు వచ్చినట్టు మాట్లాడుతోంది. ఈ నాలుగు రోజులు రెండు ముద్దలు ఎక్కువ తింటోందని సంబరపడ్డాను. రేపటి కాంటకు నలభై ఐదు దాటకుండా లెక్కేసుకుని తిన్నదేమో.

ఎక్కనిస్తే ఆకలికి చప్పట్లు కొట్టినట్టు. ఎక్కనివ్వకపోతే దాని ఒళ్లు మళ్లీ నా చేతిలో ఉన్నట్టు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక గిన్నెలన్నీ మళ్లీ తోమాను.

నవంబర్ 24, ఆదివారం. కోత పండుగ

పందిరి నిండా గుమ్మడికాయలు, చెరకు గడలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. మామిడిపల్లి బియ్యం దుకాణం నుంచి తెచ్చిన కాంట ఇనప దూలానికి వేలాడుతోంది. తొండుపల్లి మీదుగా విమానం దిగినప్పుడల్లా అయ్యగారు ప్రసంగం ఆపి, మళ్లీ అందుకుంటున్నారు.

"భాగ్యమ్మగారి మొక్కుబడి" అని మైకులో పిలిచారు. జెరూషా లేచింది. కొత్త పరికిణీ. చెప్పులు విప్పి పక్కన పెట్టింది, చెప్పుల బరువు కూడా పడకూడదని.

నా కాళ్లు వాటంతటవే నడిచాయి. పిల్లకంటే ముందు వెళ్లి పళ్లెంలో కూర్చున్నాను.

"అయ్యగారూ, ఈసారి నన్ను తూయండ్రి."

రవి కుమార్ అయ్యగారు అత్తమ్మ వైపు చూశారు. అత్తమ్మ నా వైపు చూసింది. తర్వాత వంగి, మొదటి కిలో సంచి తనే అవతలి పళ్లెంలో వేసింది. "స్తోత్రం" అంది. ఆమె గొంతు ఒక్కటే వినిపించింది. రెండో సంచికి ఇంకొందరు అందుకున్నారు.

నలభై దగ్గర లెక్క వింటూ కళ్లు మూసుకున్నాను. యాభై. అరవైకి మా బియ్యం అయిపోయింది. సిల్వియా తను తెచ్చిన సంచి విప్పింది. "వదినా, రెండో టికెట్ కొనాలె!" అని యోనా అరిచాడు. పందిరంతా నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. నలభై మూడేళ్ల దాన్ని, ఉద్యోగం చేసే దాన్ని, ఆ పళ్లెంలోంచి దూకి పారిపోవాలనిపించింది. ఆ పిల్ల ఏటా ఎలా కూర్చుందో!

డెబ్బై రెండు స్తోత్రాలు. దిగి నేరుగా యోనా దగ్గరికెళ్లాను.

"మనుషులను తూసుడు ఇయ్యాల్టితోటి బంద్ చెయ్యి. నా బిడ్డను ఇంకొక్కసారి లగేజీ అన్నవనుకో, నా గడప తొక్కకు."

"వదినా..."

"వదినా లేదు, ఏం లేదు."

బాగా అన్నాననుకున్నాను. ఆటోలో జెరూషా నాకు దూరంగా, కమ్మీ దగ్గరికి జరిగి కూర్చుంది. ఊరు దాటాక అంది.

"నా స్తోత్రాలు నువ్వు తీసుకున్నవ్."

"నీ కోసమే బిడ్డా..."

"నేను ఎక్కుతనన్న. నువ్వు నన్ను అడిగినవా? అందరు ఇప్పుడు ఏమనుకుంటరు? పిల్ల ఎక్కలేనంత లావుందని తల్లి ఎక్కిందనుకుంటరు."

అత్తమ్మ మా ఇద్దరి మధ్య కూర్చుని ఖాళీ బియ్యం సంచులు మడత పెడుతోంది. ఏమీ అనలేదు. ఈసారి ఆమె వంతు.

నవంబర్ 25, సోమవారం

పెద్ద పళ్లేలు అటక మీద నుంచి దించాను. తరాజు వంటశాలకే తిరిగి తీసుకెళ్లాను. "ఖరాబైందా మేడం?" అన్నాడు దశరథం. అవునన్నాను.

డబ్బాలు రెండు సర్దాను. ఒకటి జెరూషాకు, ఒకటి చంద్రమ్మకు. జెరూషా రెండింటినీ చూసి, "నేను తింటున్ననా లేదా అని ఆమెను అడుగుతవా?" అంది.

లేదన్నాను. అడగాలని అనుకున్న మాట నిజం.

నవంబర్ 27, బుధవారం

జెరూషా ఇప్పుడు నాతో అవసరమైనంతే మాట్లాడుతోంది. నాయినమ్మ పక్కన పడుకుంటోంది. డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ శనివారం వెళ్లాలి.

ఈరోజు పప్పుచారు, గుడ్డు కూర. అత్తమ్మ తన పళ్లెం తను చూసుకుంటూ తింటోంది, పిల్ల వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నట్టు. నేనూ చూడకూడదనుకున్నాను. చూశాను. ఎనిమిది ముద్దలు. లెక్కపెట్టాను. తరాజు పోయినా లెక్క పోలేదు.

తొమ్మిదో ముద్ద కలిపి, ఆగి, పళ్లెం అంచున పెట్టింది.

"చాలు మమ్మీ."

గరిటె నా చేతిలో ఉంది. అందులో అన్నం ఉంది. దాని ముఖంలోకి చూశాను. గాజుపెట్టె దగ్గర చూసినట్టే చూశాను. అప్పటిలాగే ఏమీ తెలియలేదు. కడుపు నిండి అన్నదో, భయపడి అన్నదో, నా మీద కోపంతో అన్నదో.

ఇంకో గరిటె వేస్తే దాని మాట నమ్మనట్టు. వెయ్యకపోతే మళ్లీ ఆకలితో పంపినట్టు. గరిటె తిరిగి గిన్నెలో పెట్టేశాను. అది సరైందో కాదో, రేపైనా ఏం చెయ్యాలో నాకు తెలియదు. అన్నంతో పాటు ఆ ప్రశ్న మీద కూడా మూత పెట్టి పడుకోబోతున్నాను. నిర్ణయించుకోలేకపోతున్నాను.